పొట్ట మీద దిగిన హరికేన్లు: పోలిష్ పైలట్ల మీద వాదన ఎక్కడ మొదలైంది?

బ్రిటన్‌లో వలసల మీద రగడ రేగిన ప్రతిసారీ 1940లో జర్మన్ వైమానిక దాడులను తిప్పికొట్టిన ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’లో పోరాడిన పోలిష్ పైలట్ల పేరు బయటికి వస్తుంది. ఇప్పుడూ అదే నడుస్తోంది. ‘మనల్ని కాపాడింది వాళ్లే’ అని ఒక పక్షం, ‘చోటిచ్చి, నేర్పించి నిలబెట్టింది మనమే’ అని ఇంకో పక్షం. 1939లో జర్మనీ దాడికి పోలండ్ ఎలా కూలింది, వాళ్లు రుమేనియా, ఫ్రాన్స్ దాటి ఎలా వచ్చారు అన్నది తెలిసిన కథే. అసలు ముడి 1940 ఆగస్టులో, లండన్ పక్కనున్న నార్తోల్ట్ వైమానిక స్థావరంలో పడింది.

ఆగస్టు 2న అక్కడ పోలిష్ పైలట్లతో 303 స్క్వాడ్రన్ (యుద్ధవిమానాల దళం) ఏర్పడింది. అందులో చేరినవాళ్లలో చాలామంది సొంత గడ్డ మీద జర్మన్లతో తలపడి వచ్చినవాళ్లు. అయినా శిక్షణలో చక్రాలు దించకుండా హరికేన్ అనే బ్రిటిష్ యుద్ధవిమానాన్ని పొట్ట మీద దించేసిన సంఘటనలు జరిగాయి. అలా దిగితే ప్రొపెల్లర్ రెక్కలు దెబ్బతింటాయి, పొట్ట కింది రేడియేటర్ నేలకు రాసుకుని నలుగుతుంది. చూసినవాళ్లకు వీళ్లకు విమానం నడపడం రాదనే అనిపిస్తుంది.

కానీ పోలండ్‌లో వాళ్లు నడిపిన పీజడ్ఎల్ పీ-11కు చక్రాలు ఎప్పుడూ కిందే ఉంటాయి, దించే పనే లేదు. అక్కడ థ్రాటిల్ వెనక్కి లాగితే ఇంజిన్ జోరందుకుంటుంది, హరికేన్‌లో ముందుకు తొయ్యాలి. వేగం కిలోమీటర్లు పోయి మైళ్లయింది, ఎత్తు మీటర్లు పోయి అడుగులైంది. నేల దగ్గరపడే ఆ కొద్ది క్షణాల టెన్షన్‌లో చెయ్యి పాత అలవాటు దారినే పోతుంది. దాన్ని చేతకానితనం అనడం అన్యాయం.

భాష రాకపోతే ఆదేశాలు అర్థం కావు, సొంత విమానాలనే కూల్చేస్తారు అన్నది బ్రిటిష్ అధికారుల భయం. అందుకే రేడియోలు కట్టిన మూడు చక్రాల సైకిళ్ల మీద, ఇంగ్లిష్ ఆదేశాలు వింటూ, మైదానంలో వరసలు కట్టి తిరిగే అభ్యాసం చేయించారు. యుద్ధం చేసి వచ్చిన మనుషుల చేత! భయం ఉత్తదేమీ కాదు. కాకపోతే ఆగస్టు 24న బ్రిటిష్ బ్లెన్‌హైమ్ విమానాలను శత్రువులవనుకుని కాల్చింది ఇంగ్లిష్ బాగా వచ్చిన కెనడా స్క్వాడ్రన్.

ఆగస్టు 30న స్క్వాడ్రన్ లీడర్ రొనాల్డ్ కెల్లెట్ నడిపిస్తుండగా 303 శిక్షణకే ఎగిరింది. లుద్విక్ పష్కేవిచ్‌కు జర్మన్ విమానాలు కనబడ్డాయి. రేడియోలో చెప్పాడు, జవాబు రాలేదు. వరస విడిచి వెళ్లి ఒక విమానాన్ని కూల్చాడు. తిరిగొచ్చాక నిబంధన మీరినందుకు మందలింపు, వెంటనే అభినందన రెండూ దక్కాయి. మర్నాడే స్క్వాడ్రన్‌ను పోరాటానికి దించారు. అప్పటిదాకా ‘నేర్చుకునేవాళ్లు’గా ఉన్నవాళ్లు ఒక్క రాత్రిలో ‘కావలసినవాళ్లు’ అయ్యారు. నా దృష్టిలో మలుపు ఇదే. ఆ రాత్రికి వాళ్ల నైపుణ్యమేమీ పెరగలేదు, అవసరం ముదిరిందంతే.

బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో 303 ప్రకటించుకున్న విజయాలు 126, హరికేన్ స్క్వాడ్రన్లన్నిటిలోకీ ఎక్కువ. తర్వాతి పరిశీలనలో ఆ లెక్క బాగా తగ్గిన మాట నిజమే, మిగతా స్క్వాడ్రన్ల లెక్కలూ తగ్గాయి. మొదట్లో సందేహించిన ఫైటర్ కమాండ్ (బ్రిటిష్ యుద్ధవిమాన విభాగం) అధిపతి డౌడింగే, వాళ్లు లేకుంటే ఫలితం ఇలాగే ఉండేదని చెప్పలేనని తర్వాత రాశాడు. మనకు దగ్గరి సంగతి ఒకటి: నిజాం విరాళంతో హైదరాబాద్ పేరు పెట్టుకున్న 152, 253 స్క్వాడ్రన్లలోనూ పోలిష్ పైలట్లు ఎగిరారు.

2009లో వలసలను వ్యతిరేకించే బ్రిటిష్ నేషనల్ పార్టీ ఎన్నికల పోస్టర్ మీద స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం బొమ్మ వేసింది. ఆ విమానం ఒంటి మీద ఆర్ఎఫ్ అన్న అక్షరాలున్నాయి. అవి 303 స్క్వాడ్రన్‌వి. ఆ విమానం ఎవరిదో కూడా చూసుకోలేదు.

ఈ మరుపు 1946లోనే మొదలైంది. ఆ జూన్ 8న లండన్‌లో జరిగిన విజయోత్సవ కవాతుకు బ్రిటన్ వార్సాలో సోవియట్ అండతో ఏర్పడిన కొత్త ప్రభుత్వాన్ని పిలిచింది. తన పక్కన పోరాడిన పోలిష్ సేనల్లో పాతికమంది వైమానికులకే పిలుపు దక్కింది. మిగతావాళ్లను వదిలి మేం రామని వాళ్లూ ఆగిపోయారు. 1947లో పునరావాస చట్టం వచ్చి, చాలామందికి బ్రిటన్‌లోనే ఉండే వీలు కలిగింది. అందరూ ఉండలేదు. 303 తొలి పోలిష్ సారథి జ్దిస్వాఫ్ క్రస్నోదెంబ్‌స్కీ 1940 సెప్టెంబరు 6న మంటల్లో చిక్కి ఒళ్లు కాల్చుకున్నాడు. యుద్ధం ముగిశాక దక్షిణాఫ్రికా వెళ్లి టాక్సీ నడిపాడు, ఆ తర్వాత కెనడా చేరాడు.