వాళ్ళకి భయం లేదనుకోకండి

విశాఖ ఋషికొండ బీచ్‌లో సర్ఫింగ్ చేసేవాళ్ళని చూసి ఒడ్డున జనం అనే మాట ఒకటే: "వీళ్ళకి ప్రాణమంటే లెక్కలేదురా బాబూ!" వాళ్ళలో ఒక కుర్రాడు నీళ్ళలోకి దిగేముందు ఏం చేశాడో మాత్రం ఎవరూ చూడరు. బోర్డు మీద మైనం రుద్దుతాడు. బోర్డు కొట్టుకుపోకుండా చీలమండకి కట్టుకున్న తాడుని, అంటే లీష్‌ని, లాగి చూసుకుంటాడు. ఆ తర్వాత చాలాసేపు ఊరికే సముద్రం వైపు చూస్తూ నిలబడతాడు. పెద్ద కెరటాలు ఎన్నెన్ని కలిసి వస్తున్నాయి, మధ్యలో ఎంత తెరిపి ఉంది, నీళ్ళు ఎక్కడ లోపలికి లాగుతున్నాయి... ప్రాణమంటే లెక్కలేనివాడికి ఇన్ని లెక్కలు దేనికి?

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్విన్ జుకర్‌మన్ మనుషులు ఇలాంటివాటికి ఎందుకు దిగుతారన్న విషయంలోకి వచ్చింది సాహసక్రీడల దారిలో కాదు. వెలుతురూ చప్పుడూ అందకుండా మనుషుల్ని ఉంచితే ఏమవుతుందో చూసేవాడు. అందరూ ఒకేలా తట్టుకోలేదు. ఆ తేడాని కొలవడానికి 1964లో ఒక ప్రశ్నావళి ప్రకటించాడు. తర్వాత అందులో నాలుగు పాయలు తేలాయి: సాహసాల మీద మోజు, కొత్త అనుభవాల కోసం వెతుకులాట, అదుపు వదిలేసే గుణం, తొందరగా విసుగెత్తడం. అర్ధరాత్రి బీచ్ రోడ్డులో హెల్మెట్ లేకుండా బైకు ముందుచక్రం గాల్లోకి లేపేవాడిలో మూడోది ముదిరి ఉండొచ్చు. సర్ఫర్‌లో మొదటిది బోలెడంత ఉండి, మూడోది అసలు లేకపోవచ్చు. మనం ఇద్దర్నీ ఒకే గాటన కట్టి తిట్టేస్తాం. ఇంకో సంగతి. కవలల మీద చేసిన పరిశోధనల ప్రకారం, ఉద్వేగం కోసం వెతుక్కునే ఈ స్వభావంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సగం దాకా జన్యువుల వల్లే వస్తుంది. "వీడికి ఎవరి పోలికలొచ్చాయో" అని తలపట్టుకునే తల్లి మాటలో కొంత నిజం ఉందన్నమాట.

మరి భయం? 1960లలో వాల్టర్ ఫెంజ్, సీమోర్ ఎప్‌స్టైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, పారాచూట్‌తో దూకేవాళ్ళ గుండె వేగాన్నీ ఊపిరినీ విమానం ఎక్కే ముందు నుంచీ కొలిచారు. కొత్తవాళ్ళలో గుండె వేగం దూకే క్షణం దాకా పెరుగుతూనే పోయింది. అనుభవజ్ఞుల్లోనూ పెరిగింది, కానీ ముందే పెరిగి, తలుపు దగ్గరికి వచ్చేసరికి దిగింది. అంటే వాళ్ళకీ టెన్షన్ ఉంది. అసలు పని వేళకి ముందే దాన్ని పడేసి అయిపోయారు, అంతే. పెద జాలరిపేటలో తెప్ప మీద వేటకి వెళ్ళే పెద్దాయన్ని అడిగినా రాత్రి గాలి మారినప్పుడే గుబులు పడతాననీ, కెరటం దాటేటప్పుడు కాదనీ అంటాడేమో. ఆయన్ని ఎవరూ ఎక్స్‌ట్రీమ్ స్పోర్ట్స్ మనిషి అనరు గానీ.

నిజంగా భయం తక్కువున్నవాళ్ళూ లేకపోలేదు. 2017 జూన్‌లో అమెరికాలోని ఎల్ కాపిటాన్ కొండని తాడు లేకుండా ఎక్కిన అలెక్స్ హానల్డ్ మెదడుని అంతకుముందు స్కాన్ చేస్తే, వెగటు పుట్టించే ఫొటోలు చూసినా భయంతో ముడిపడిన అమిగ్డాలా అనే భాగంలో చలనం కనబడలేదు. ఆయన్ని చూసి మిగతావాళ్ళని అంచనా వేయకూడదు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఒడ్డుకి వచ్చాక ఏమవుతుందన్నది. 2006లో నెదర్లాండ్స్ పరిశోధకులు స్కైడైవర్లని, అంటే విమానంలోంచి పారాచూట్‌తో దూకేవాళ్ళని, పడవపోటీల వాళ్ళతో పోల్చారు. మామూలు సంతోషాలు అంతగా అంటకపోవడం స్కైడైవర్లలోనే ఎక్కువ కనిపించింది. దూకి దూకి అలా అయ్యారా, అలాంటివాళ్ళే దూకడానికి వచ్చారా అన్నది ఇలాంటి పోలికతో తేలదు. నా మొగ్గు రెండోదాని వైపే. జుకర్‌మన్ నాలుగో పాయ, ఆ విసుగు, మొదటిసారి విమానం ఎక్కకముందే మనిషిలో ఉంటుంది కదా.