సముద్రపు రేసు నావికుడి పని: అపోహలు, వాస్తవాలు

తెరచాప పట్టడం నేను హుస్సేన్ సాగర్‌లో నేర్చుకున్నాను. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని లోరియాంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి జలాంతర్గాముల స్థావరం పక్కన, సముద్రపు రేసు పడవల మీద పనిచేస్తున్నాను. రేసు ఉంటే సిబ్బందిలో ఒకడిని. లేనప్పుడు అదే పడవకు తాళ్ల పని, రంగుల పని, మరమ్మతులు చేస్తాను. ఇంటికి వచ్చినప్పుడల్లా చుట్టాలు అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే. ఈ మధ్య ముగ్గురు కుర్రాళ్లు ఫోన్ చేసి, "అన్నా, దీన్నే కెరీర్‌గా తీసుకోవచ్చా?" అని అడిగారు. వాళ్లకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గాలి తోసుకుపోతుంది, కూర్చుంటే చాలు

గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా నేరుగా వెళ్లలేదు. ఓసారి కుడికి, ఓసారి ఎడమకి వంకర టింకరగా పోవాలి. అది మొదటి పాఠం. అసలు కష్టం దారి ఎంచుకోవడంలో ఉంది. ఫ్రాన్స్‌లో బయలుదేరి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి వచ్చే వాండే గ్లోబ్ రేసునే తీసుకోండి. దక్షిణ అట్లాంటిక్‌లో సెయింట్ హెలీనా పేరుతో పిలిచే అధిక పీడన ప్రాంతం ఉంటుంది. దాని నడిమధ్యన గాలి ఆడదు. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీస్తే దగ్గరి దారి అటువైపే కనిపిస్తుంది. ఆశపడి వెళ్తే తెరచాపలు వేలాడేసుకుని కూర్చోవాలి. అందుకే చాలామంది బ్రెజిల్ వైపు చుట్టి కిందికి దిగి, అక్కడ పడమటి గాలి అందుకుని తూర్పుకు తిరుగుతారు. ఆ రేసులో ఒడ్డు నుంచి ఎవరూ దారి చెప్పకూడదు. వాతావరణ సమాచారం తెచ్చుకోవడం, లెక్క వేయడం, నిర్ణయం తీసుకోవడం అన్నీ ఆ ఒక్క మనిషే, అదీ చిన్న చిన్న కునుకుల మధ్య చేయాలి.

వేగం సంగతి కూడా చెప్పాలి. 2023లో ది ఓషన్ రేస్‌లో మలిజియా అనే పడవ 24 గంటల్లో 641.13 నాటికల్ మైళ్లు పోయింది. అంటే దాదాపు 1,187 కిలోమీటర్లు. ఆ వేగంలో లోపల నిలబడి టీ కలుపుకోవాలన్నా ఒక చేత్తో ఏదో ఒకటి పట్టుకునే ఉండాలి.

అపోహ: ఇది కోటీశ్వరుల ఆట, గెలిస్తే కోట్లు

పడవ ఖరీదైందే, కాదనను. వాండే గ్లోబ్‌లో పోటీపడే ఇమోకా రకం పడవను కొత్తగా కట్టాలంటే యాభై అరవై లక్షల యూరోలు దాటిపోతుంది. 2024-25 వాండే గ్లోబ్‌లో ఛార్లీ దలాన్ 64 రోజుల 19 గంటల్లో భూమిని చుట్టి గెలిచాడు. విజేత బహుమతి 2 లక్షల యూరోలు. సిడ్నీ నుంచి హోబర్ట్ దాకా 628 నాటికల్ మైళ్ల రేసు ఉంది, ప్రపంచమంతా చూసేది. అందులో నగదు బహుమతే లేదు. కాబట్టి బహుమతి డబ్బుతో ఎవరి ఇల్లూ గడవదు.

మాకు డబ్బు వచ్చేది జీతంగానో రోజు కూలిగానో. పడవ మీద పేరు రాయించుకున్న స్పాన్సర్ ఇస్తాడు, లేదా పడవ యజమాని ఇస్తాడు. స్పాన్సర్ తప్పుకుంటే టీమ్ మొత్తం రోడ్డు మీద పడుతుంది. ఒక చలికాలం నాకూ అలాగే అయింది. సీజన్ మధ్యలో టీమ్ మూతపడింది, రెండు నెలల డబ్బు రావాల్సింది రాలేదు. అద్దె కట్టడానికి వేరే వాళ్ల పడవలకు అడుగు గీకి రంగులు వేశాను. ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్ల అమ్మానాన్నలకు ఈ మాట ముందే తెలియాలి, అందుకే రాస్తున్నాను. ఏడాది మొత్తానికి కాంట్రాక్టు దొరకడం అదృష్టం. నాకు తెలిసిన మంచి నావికుల్లో చాలామందికి తెరచాపలు కుట్టడమో, కార్బన్ ఫైబర్ పనో, ఎలక్ట్రానిక్సో, ఇంకో పని చేతిలో ఉంటుంది.

అపోహ: గుండె ధైర్యం ఉంటే చాలు

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ఉద్యోగంలో అసలు పని ఇదే.

2008-09 వాండే గ్లోబ్‌లో 30 మంది బయలుదేరితే రేసు పూర్తి చేసింది 11 మంది. మిగతా 19 మందికి ధైర్యం చాలక కాదు. మాస్టులు (తెరచాపలను నిలబెట్టే స్తంభాలు) విరిగాయి, చుక్కానులు పోయాయి, ఒకరికి తొడ ఎముక విరిగింది. రేసు గెలవాలంటే ముందు పడవ ముక్కలు కాకుండా ఒడ్డు చేరాలి. రోజూ ఏదో ఒకటి తెగుతుంది, ఒరుసుకుంటుంది, వదులవుతుంది. దాన్ని చిన్నగా ఉన్నప్పుడే కనిపెట్టేవాడే మంచి నావికుడు.

ఒక నవంబరులో పడవను ఇంకో రేవుకి చేర్చడానికి నలుగురం బిస్కే అఖాతం దాటుతున్నాం. రెండో రాత్రి ఏదో తగిలింది. దుంగో, మరేదో, చీకట్లో కనబడలేదు. ఒక చుక్కాని పైకి లేచిపోయింది. అలా లేవడానికే దాన్ని అమరుస్తారు. దెబ్బ తగిలితే పట్టి ఉంచిన తాడు తెగుతుంది, చుక్కాని విరగదు. కానీ ఆ తాడు మళ్లీ కట్టేదాకా పడవ ఒంటి చుక్కానితోనే నడవాలి. తెరచాప తగ్గించి, నేను లోపల కూర్చుని 6 మిల్లీమీటర్ల డైనీమా అనే గట్టి సింథటిక్ తాడుతో కొత్త ఉచ్చు అల్లడం మొదలుపెట్టాను. ఆ తాడుకి ముడి వేస్తే జారుతుంది, బలం కూడా సగానికి సగం పోతుంది. అందుకే తాడు కొసను దాని కడుపులోకే దూర్చాలి. దీన్ని స్ప్లైస్ అంటాం. తాడు మందానికి 72 రెట్లు లోపలికి పోవాలని లెక్క, అంటే ఇక్కడ 43 సెంటీమీటర్లు. కొస ఒక్కసారిగా ఆగిపోకుండా, పోగులు ఒక్కొక్కటే కత్తిరిస్తూ సన్నం చేయాలి. ఒడ్డున బల్ల మీద నాకిది పది నిమిషాల పని. ఆ రాత్రి చలికి వేళ్లు కొంకర్లుపోయి, పడవ ఎగిరి పడుతుంటే, నలభై నిమిషాలు పట్టింది. తర్వాత వెనకభాగంలో బోర్లా పడుకుని, తోటివాడు నా కాళ్ల మీద కూర్చుంటే, నీళ్లలోకి చేతులు పెట్టి దాన్ని బిగించాను.

మన దేశానికి చెందిన అభిలాష్ టోమీ కథ చాలామందికి తెలుసు. ఒంటరిగా భూమిని చుట్టే మరో రేసైన గోల్డెన్ గ్లోబ్‌లో, 2018లో, హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫానులో మాస్టు విరిగి, వెన్ను దెబ్బతిని, కదల్లేని స్థితిలో ఉంటే ఒక ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. మళ్లీ 2022లో అదే రేసుకు బయలుదేరి, 236 రోజుల్లో రెండో స్థానంలో వచ్చాడు. అందరూ ఆయన తెగువ గురించి మాట్లాడతారు, మాట్లాడాల్సిందే. నేను మాత్రం ఆ 236 రోజుల్లో ఆయన చేసుకున్న మరమ్మతుల గురించి ఎక్కువ ఆలోచిస్తాను.

అపోహ: గజ ఈతగాడై ఉండాలి

ఈత రావాలి. కానీ 20 నాట్ల (గంటకు దాదాపు 37 కిలోమీటర్ల) వేగంతో పోయే పడవ మీద నుంచి పడితే, నిమిషం గడిచేసరికి పడవకీ మీకూ మధ్య 600 మీటర్లు. దక్షిణ సముద్రపు నీళ్లలో చలికే శరీరం మొద్దుబారిపోతుంది. 2018 మార్చిలో వోల్వో ఓషన్ రేస్‌లో జాన్ ఫిషర్ అనే అనుభవజ్ఞుడు అలా పడిపోయాడు, ఎంత వెతికినా దొరకలేదు. మమ్మల్ని కాపాడేది ఈత కాదు, ఛాతీ పట్టీ నుంచి పడవకు తగిలించుకునే తాడూ దాని కొక్కెమూ. పడవ మీదకు ఎవరు కొత్తగా వచ్చినా, మెట్లెక్కి పైకి తల పెట్టకముందే కొక్కెం తగిలించావా అని అడుగుతాను. విసుక్కున్నా అడుగుతాను.

అపోహ: సొరచేపలు, సముద్రపు దొంగలు

పిల్లలు అడిగే ప్రశ్న. నాకు భయం తేలుతున్న కంటైనర్లన్నా, తిమింగలాలన్నా, రాత్రిపూట చేపల పడవలన్నా. 2020-21 వాండే గ్లోబ్‌లో, 2021 జనవరిలో, బోరిస్ హెర్మన్ అనే నావికుడు భూమంతా చుట్టి వచ్చి, ఇంకో 90 మైళ్లలో రేసు ముగుస్తుందనగా ఒక చేపల పడవను గుద్దుకున్నాడు. దెబ్బతిన్న పడవతోనే మెల్లగా ఒడ్డు చేరి అయిదో స్థానం దక్కించుకున్నాడు.

అపోహ: పోటీలో ఎవరికి వారే

అదే 2020-21 రేసులో కెవిన్ ఎస్కోఫియే అనే నావికుడి పడవ కేప్ టౌన్‌కు దూరంగా, నడి సముద్రంలో రెండుగా విరిగిపోయింది. రేసు కమిటీ దగ్గర్లో ఉన్నవాళ్లను వెనక్కి తిప్పింది. అప్పటికి 61 ఏళ్లున్న జాన్ లె కామ్ వెతికి అతన్ని లైఫ్ రాఫ్ట్ నుంచి ఎక్కించుకున్నాడు. వెతకడంలో పోయిన సమయాన్ని తర్వాత లెక్కగట్టి తిరిగి ఇచ్చారు. అందుకే గీత ముందు దాటింది దలాన్ అయినా, 10 గంటల 15 నిమిషాలు కలిసొచ్చిన యానిక్ బెస్తవాన్ విజేత అయ్యాడు. ఆ తీర్పు మీద రేవులో గొడవేమీ జరగలేదు. రేపు నీళ్లలో ఉండేది తామే కావచ్చని అక్కడ అందరికీ తెలుసు.

అపోహ: ఆడవాళ్ల వల్ల కాదు, వయసు దాటితే కాదు

2022-23 గోల్డెన్ గ్లోబ్ గెలిచింది కిర్‌స్టెన్ నోయ్‌షాఫర్ అనే దక్షిణాఫ్రికా మహిళ. అభిలాష్ రెండో స్థానంలో వచ్చింది ఆమె వెనకే. 2024-25 వాండే గ్లోబ్‌లో 23 ఏళ్ల వయొలెత్ దొరాంజ్, 65 ఏళ్ల లె కామ్ ఇద్దరూ పూర్తి చేశారు. ఇంతకంటే చెప్పేదేముంది?

అపోహ: మన దగ్గర నేర్చుకునే చోటు లేదు

హైదరాబాద్‌లో యాట్ క్లబ్ ఉంది, సాధారణ కుటుంబాల పిల్లలు కూడా అక్కడ నేర్చుకుని జాతీయ పోటీలకు వెళ్తున్నారు. నౌకాదళంలో చేరితే ఇంకో దారి ఉంది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే పడవ మీద ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు భూమిని చుట్టడానికి బయలుదేరి, 2018 మేలో తిరిగి వచ్చారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అది రేసు కాదు, యాత్ర. కానీ దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దగ్గరి కెరటానికి ఆ తేడా తెలియదు.

చెరువులో రెండు మూడేళ్లు చిన్న పడవ నడపండి. తర్వాత ఎవరి పడవనైనా ఒక రేవు నుంచి ఇంకో రేవుకి చేర్చే పని దొరికితే, డబ్బు తక్కువైనా వెళ్లండి. మైళ్లు అలాగే పోగవుతాయి. వాంతులవుతాయి. నాకు ఇప్పటికీ మొదటి రోజున్నర అవుతాయి. ఈలోగా అయిదు మీటర్ల తాడు కొనుక్కుని స్ప్లైస్ చేయడం నేర్చుకోండి.

ఫోన్ చేసిన ముగ్గురిలో ఒకడు మొన్న ఫొటో పంపాడు. ఉచ్చు బాగానే వచ్చింది, లోపలికి దూర్చిన కొస మాత్రం పొట్టిగా ఉంది. స్కేలు పెట్టి కొలిచి, విప్పి మళ్లీ చేయమన్నాను.