కొత్త గ్రాఫిక్స్ కార్డు పెడితే గేమ్‌లో ర్యాంకు పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, మనది పాత సిస్టమ్, అవతలోడిది లక్షల సిస్టమ్. అందుకే వాడి బుల్లెట్టే ముందు తగులుతోంది. కార్డు మార్చెయ్." కంప్యూటర్లు బాగుచేసే నాకు ఈ మాట వినబడని వారం లేదు.

అపోహ: ఖరీదైన కార్డు ఉన్నవాడి వైపే గేమ్ మొగ్గుతుంది.

వాస్తవం: ఎవరి బుల్లెట్ తగిలిందో తేల్చేది సర్వర్, అంటే గేమ్ కంపెనీ నడిపే కంప్యూటర్. మీ కంప్యూటరూ కాదు, వాడిదీ కాదు. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్క చూస్తుంది, అందరికీ అదే లెక్క. మీరు ఫైర్ నొక్కినప్పుడు మీ స్క్రీన్ మీద ఎదుటివాడు ఎక్కడున్నాడో వెనక్కి వెళ్లి చూసి మరీ తేలుస్తుంది. గోడ చాటుకు వచ్చేశాక కూడా చచ్చిపోతున్నారంటే కారణం ఇదీ, పింగూ (మీ సిస్టమ్ నుంచి సర్వర్‌కి సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం). కార్డు కాదు.

అయితే హార్డ్‌వేర్‌తో తేడా లేదా? ఉంది. 60 హెర్ట్జ్ మానిటర్‌లో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారేదాంట్లో, కొత్త ఫ్రేమ్ (బొమ్మ) 16.7 మిల్లీసెకన్లకు ఒకటి వస్తే, 144లో దాదాపు 7కే వస్తుంది. మూల తిరిగి వచ్చేవాడు ఆమేరకు ముందు కనబడతాడు. డబ్బున్నవాడికి ఇది నిజంగానే లాభం, కాదనను. కానీ ఆ లాభం మానిటర్‌ది, దాన్ని అందుకునే నిలకడైన ఎఫ్‌పీఎస్‌ది (సిస్టమ్ సెకనుకు తయారుచేసే ఫ్రేముల సంఖ్య). సెట్టింగ్స్ తగ్గించి ఆడే ఇలాంటి గేముల్లో ఎఫ్‌పీఎస్‌ని పట్టి ఆపేది చాలాసార్లు ప్రాసెసరే.

మొన్న ఒకరింటికి వెళ్లాను. చీటీ పాడి మరీ కొడుక్కి కార్డు కొన్నారు, అయినా ల్యాగ్ కొడుతోంది. "కార్డు డూప్లికేటేమో అన్నా" అని పిల్లాడు బెంగపడుతున్నాడు. "ఫీజు కట్టాల్సిన డబ్బులు బాబూ" అంది వాళ్లమ్మ. క్యాబినెట్ వెనక చూస్తే మానిటర్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ వైరు మదర్‌బోర్డుకు గుచ్చి ఉంది! అంటే బొమ్మ కొత్త కార్డు నుంచి రావడమే లేదు. వైరు తీసి కార్డుకు పెట్టాను. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఇంకా 60 మీదే ఉన్న మానిటర్‌ని 144కి మార్చాను. కార్డు అమ్మినవాళ్లు ఈ రెండు ముక్కలూ చెప్పి ఉంటే ఆ తల్లికి అన్నాళ్ల దిగులు తప్పేది. నాకు కోపం వచ్చేది అక్కడే.

మిగతావి క్లుప్తంగా. ర్యామ్ క్లీనర్లు, గేమ్ బూస్టర్లు దండగ, తీసేయండి. ల్యాప్‌టాప్ కాసేపు ఆడాక నెమ్మదిస్తే వైరస్ అని కంగారుపడకండి, ముందు వేడి సంగతి చూడండి, దుమ్ము దులిపించండి. ఎఫ్‌పీఎస్ ఎక్కువుంటే ఎత్తు దూకొచ్చన్నది 1999 నాటి క్వేక్ 3లో నిజం, వాలరెంట్‌లో కాదు. వైఫైలో పింగ్ ఒక్కసారి వంద మిల్లీసెకన్లకు ఎగిరిందంటే మానిటర్ ఇచ్చిన పది మిల్లీసెకన్లూ గాలికే, ల్యాన్ వైరు లాగించండి.

కార్డు కొనేముందు ఒక్క పని చేయండి. ఎఫ్‌పీఎస్ లిమిట్, వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) తీసేసి ఆడుతూ జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం చూడండి. 50, 60 శాతం దగ్గరే ఆగుతుంటే ఆ గేమ్‌కి కొత్త కార్డుతో వచ్చేదేమీ లేదు. అర్థం కాకపోతే ఆ స్క్రీన్ ఫొటో నాకు పంపండి, చూసి చెబుతాను, డబ్బులేం అక్కర్లేదు.