యూరిన్‌కి వెళ్ళావామ్మా?

మా చెల్లెలికి కాన్పయిన రాత్రి బాలింతల వార్డులో మాకు కంటి మీద కునుకు లేదు. పసిదాని ఏడుపు వల్లనుకునేరు. అది హాయిగా నిద్రపోయింది, సిస్టరే మమ్మల్ని పడుకోనివ్వలేదు. మొదటి రెండు గంటలూ పావుగంటకోసారి వచ్చింది. నాడి పట్టుకుంటుంది, బీపీ చూస్తుంది, దుప్పటి ఎత్తి ప్యాడ్ చూస్తుంది, బొడ్డు దగ్గర అరచెయ్యి ఆనించి నొక్కుతుంది. ఇక ప్రతిసారీ అదే ప్రశ్న: "యూరిన్‌కి వెళ్ళావామ్మా?" మా అమ్మకి చిరాకేసింది. "ఇప్పుడే కదండీ కనింది, కాస్త కళ్ళు మూసుకోనివ్వండి" అంది. "పడుకుంటుందిలే అమ్మా, ముందు ఒకసారి బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళండి" అని సిస్టర్ పక్క మంచం వైపు వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న వెనక ఇంత కథ ఉందని నాకు అప్పట్లో తెలీదు.

బిడ్డ బయటపడి, మాయ కూడా పడిపోతే గండం గడిచిందనుకుంటాం. స్వీట్లు పంచేదీ అప్పుడే. కానీ తల్లి ప్రాణానికి సంబంధించినంత వరకు గట్టిగా కాపలా కాయాల్సిన సమయం అక్కడే మొదలవుతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంటుంది. అందులో ఎక్కువ భాగం మాయ కోసమే. మాయ ఊడిపోయాక అది అతుక్కున్న చోట అరచెయ్యంత పచ్చి పుండు మిగులుతుంది. అక్కడ తెగిన రక్తనాళాలు నోళ్ళు తెరుచుకునే ఉంటాయి. గర్భిణి ఒంట్లో ఉండే రక్తం మొత్తం ఐదారు లీటర్లు. ఆ ధారకి అడ్డు లేకపోతే ఎంతసేపు పడుతుందో మీరే లెక్క కట్టుకోండి.

వేలు తెగితే రక్తం గడ్డకట్టి ఆగుతుంది. ఇక్కడ గడ్డకట్టడం కంటే ముందు పనిచేసేది కండ. గర్భసంచి గోడలో కండరపు పోగులు నులక మంచం అల్లినట్టు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా, ఏటవాలుగా పోతాయి. ఆ సందుల్లోంచే రక్తనాళాలు వెళ్తాయి. సంచి ముడుచుకుందంటే అల్లిక బిగుస్తుంది, ఒక్కో నాళం పీక నొక్కినట్టు మూసుకుపోతుంది. ఇంత తెలివైన ఏర్పాటు ఒంట్లో ఇంకెక్కడైనా ఉందా అని నాకు అనుమానమే. కాన్పు కాగానే ఇచ్చే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఈ బిగింపు కోసమే.

సిస్టర్ చెయ్యి వెతికేది కూడా దీన్నే. బొడ్డు దగ్గర క్రికెట్ బంతిలా గట్టిగా తగిలితే ఫరవాలేదు. కలిపిన పిండిలా మెత్తగా తగిలిందంటే అల్లిక వదులైంది, లోపల రక్తం పోతోందన్నమాట.

మరి యూరిన్ గొడవేమిటి? మూత్రాశయం గర్భసంచికి ముందు ఆనుకుని ఉంటుంది. అది నిండితే సంచిని పైకీ, ఎక్కువసార్లు కుడి పక్కకీ నెట్టేస్తుంది. అలా జరిగిన సంచి సరిగ్గా ముడుచుకోలేదు. చిక్కేమిటంటే, కాన్పు ఒత్తిడికి ఆ చోటంతా మొద్దుబారి ఉంటుంది కాబట్టి నిండిన సంగతి తల్లికే తెలియకపోవచ్చు. సెలైన్ ఎక్కించి ఉంటే ఇంకా తొందరగా నిండుతుంది. కాన్పయిన ఆరు గంటల్లోపు మూత్రం వచ్చిందో లేదో రాసి పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే.

ఆ రాత్రి మా చెల్లెలి పొట్ట మీద సిస్టర్ చెయ్యి ఒక్కసారి ఆగింది. సంచి బొడ్డు కంటే రెండు వేళ్ళు పైన, కుడివైపు తగిలింది. "నాకేం రావట్లేదు సిస్టర్" అంటున్నా వినకుండా చెల్లిని లేపి, పట్టుకుని బాత్‌రూమ్‌కి నడిపించింది, కుళాయి తిప్పి వదిలింది. నీళ్ళ చప్పుడు వింటూ కూర్చుంటే కాసేపటికి పని అయింది. మంచం మీదికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టి "చూడు" అంది సిస్టర్. ఇందాకటి ఎత్తు లేదు. బొడ్డు దగ్గర, సరిగ్గా నడిమధ్య, గట్టి ఉండ.

రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేయడం అనుభవమున్న వాళ్ళకీ కష్టమే. దుప్పటి పీల్చుకున్నది, బక్కెట్లో నీళ్ళతో కలిసింది లెక్కకి రాదు. అందరూ తక్కువే చెబుతారు. దీనికి మందు ఏమిటంటే, గీతలు గీసిన ఒక ప్లాస్టిక్ సంచి. తల్లి నడుము కింద పరిస్తే రక్తం అందులోకి జారుతుంది, ఎన్ని మిల్లీలీటర్లో కళ్ళెదుట కనిపిస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షల పైచిలుకు కాన్పుల్లో దీన్ని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మామూలు పద్ధతిలో అధిక రక్తస్రావాన్ని సగం మందిలోనే గుర్తుపట్టగలిగితే, ఈ సంచితో 93 శాతం మందిలో గుర్తుపట్టారు. గుర్తుపట్టగానే గర్భసంచికి మసాజు, ఇంజెక్షన్లు, సెలైన్ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా అన్నీ ఒక్క ఊపులో మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాన్ని ఆపడానికి పొట్ట కోయాల్సి రావడం, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు. చూసే పద్ధతి మారింది, అంతే.

కాన్పయిన మర్నాటి నుంచి గర్భసంచి రోజుకి ఒక వేలెడు చొప్పున కిందికి దిగుతుంది. రెండు వారాలకి చేతికి తగలదు. కాన్పు రోజు కిలో బరువున్నది ఆరు వారాల్లో అరవై గ్రాములకు వస్తుంది. బిడ్డకి పాలు పట్టినప్పుడల్లా పొట్టలో మెలిపెట్టినట్టుందని బాలింతలు అంటుంటారు కదా, అది ఈ పనే. బిడ్డ చీకుతుంటే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. ఇంజెక్షన్‌లో ఇచ్చిన పదార్థమే అది, ఈసారి ఒంట్లోనే తయారైంది. రెండో కాన్పుకీ మూడో కాన్పుకీ ఈ నొప్పి ఎక్కువ. ముర్రుపాలు పిండి పారబోయకుండా మొదటి గంటలోనే పట్టించమనేది బిడ్డ కోసమే అనుకుంటాం, తల్లికీ లాభమే.

ఇంటికి వచ్చాక మా అమ్మ రాజ్యం మొదలైంది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, వెల్లుల్లి కారం, చారెడు నీళ్ళు. పథ్యాన్ని మొత్తంగా కొట్టిపారేసే మనిషిని కాను. వేడివేడి అన్నం, నెయ్యి, ఇంకొకరు వండిపెట్టడం, ఇవన్నీ నిజమైన సేవే. కానీ నీళ్ళు తగ్గించడం మాత్రం ఒప్పుకోలేను. పాలిచ్చే మనిషికి దాహం ఊరికే వేయదు. మలబద్ధకం వస్తే కుట్ల దగ్గర నరకం. మంచం దిగనివ్వకపోవడమూ అంతే. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా నెలలు నిండేసరికి ఒంట్లో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కాన్పయ్యాక కొన్ని వారాలు అలాగే ఉంటుంది. కదలకుండా పడుకుంటే కాళ్ళ సిరల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. అందుకే సిజేరియన్ అయినా మర్నాటికల్లా నడిపిస్తారు.

జ్వరం సంగతి పాతదే. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవాలు కోసి నేరుగా కాన్పులకి వచ్చే వైద్య విద్యార్థుల చేతులే పురిటి జ్వరం మోసుకొస్తున్నాయని గ్రహించి, బ్లీచింగ్ లాంటి క్లోరిన్ ద్రావణంతో కడిగించాడు. చావులు ఒక్కసారిగా తగ్గాయి. ఇందాక చెప్పిన అరచెయ్యంత పుండు మానేదాకా ఆ జాగ్రత్త ఇంట్లోనూ ఉండాలి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, దుర్వాసన ఉంటే అది వాతమూ కాదు, పాలు పడుతున్న వేడీ కాదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది తలనొప్పి. బాలింతకి బీపీ బాగా పెరిగేది కాన్పు రోజున కాదు, మూడో రోజు నుంచి ఆరో రోజు లోపు. అంటే చాలామంది డిశ్చార్జి అయి ఇంట్లో ఉండే రోజులు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ మామూలుగా ఉన్నవాళ్ళకీ రావచ్చు. తల పగిలిపోతోంది, కళ్ళు మసకగా ఉన్నాయి అంటే "రాత్రంతా నిద్ర లేదు కదా, అమృతాంజనం రాసుకో" అంటాం. తర్వాత వచ్చేది ఫిట్స్. ఒక్కసారి బీపీ చూస్తే తేలిపోయే విషయం ఇది. అలాంటి తలనొప్పికి మందు రాసుకుంటూ కూర్చోకూడదు, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త ఇంటికి రావాల్సిన రోజుల్లో మొదటిది మూడో రోజు. తర్వాత 7, 14, 21, 28, 42. మా ఇంటికి ఏడో రోజు వచ్చింది. పిల్లని ఉయ్యాల త్రాసులో తూచింది, మా అమ్మ బరువు అడిగి మురిసిపోయింది. ఇంక వెళ్తుందనుకుంటే చెల్లెలి పక్కన కూర్చుని ఫారం తీసింది. రోజుకి ఎన్నిసార్లు కడుపునిండా తింటున్నావు? ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నావు? ఏడుపు వస్తోందా? మూడు నాలుగు రోజులుగా ఊరికే కన్నీళ్ళు వస్తున్నాయని చెల్లి అప్పుడు చెప్పింది, మాకెవరికీ చెప్పలేదు. దిష్టి అన్నది అమ్మ. కాన్పుతో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం వల్ల చాలామందికి ఇలా అవుతుందనీ, రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలనీ ఆశా చెప్పింది.

ఫారం మూస్తూ అడిగింది, "యూరిన్‌కి సరిగ్గా వెళ్తున్నావామ్మా?"

ఈసారి కారణం వేరు. మంటగా ఉందనీ, రోజుకి రెండుసార్లే వెళ్తున్నాననీ చెల్లి గొణిగింది. ఎన్ని గ్లాసులు తాగుతున్నావని ఆశా అడిగితే చెల్లి అమ్మ వైపు చూసింది. అమ్మ ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి, కాచి చల్లార్చిన నీళ్ళ చెంబు తెచ్చి మంచం పక్కన పెట్టింది.