కూబర్ పీడీ: ఓపల్ ఊరి నీళ్ళ కథ

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి స్టువర్ట్ హైవే పట్టుకుని ఉత్తరంగా దాదాపు 850 కిలోమీటర్లు వెళితే కూబర్ పీడీ వస్తుంది. జనాభా 1,500కు అటూ ఇటూ. భూమిలో తొలిచిన ఇళ్ళు, రంగులీనే ఓపల్ రాళ్ళు... ఈ ఊరి గురించి ఎవరు రాసినా ఈ రెండింటి దగ్గరే ఆగిపోతారు. అక్కడ కాపురం ఉండేవాళ్ళను కదిపితే మాత్రం ముందు వచ్చేది నీళ్ళ మాట. అడిలైడ్‌లో కట్టే బిల్లు కంటే ఇక్కడి నీళ్ళ బిల్లు ఎంతో ఎక్కువన్న గోడు దశాబ్దాల నాటిది. దాని మూలం తెలియాలంటే ఊరు పుట్టిన రోజుకు వెళ్ళాలి.

1915లో ఒక చిన్న బృందం బంగారం కోసం ఈ ఎడారికి వచ్చింది. బంగారం దొరకలేదు, తెచ్చుకున్న నీళ్ళు అడుగంటాయి. ఫిబ్రవరి 1న ఆ బృందంలోని 14 ఏళ్ళ విలియం హచిసన్ నీళ్ళ జాడ వెతుకుతూ వెళ్ళి, నేల మీద పడి ఉన్న ఓపల్ ముక్కలు ఏరుకొచ్చాడు. ఎనిమిది రోజులు తిరక్కుండానే మొదటి తవ్వకానికి హద్దురాళ్ళు పడ్డాయి. ఏటా సగటున 150 మిల్లీమీటర్లకు మించి వాన పడని నేల అది. మనం కరువుసీమ అని చెప్పుకునే అనంతపురంలో అంతకు మూడు రెట్లకు పైగానే కురుస్తుంది.

ఆ నేల ఎవరూ లేని బీడు కాదు. తరతరాలుగా అక్కడ తిరుగాడుతూ బతికిన ఆదివాసులకు ఏ రాతిగుంటలో నీరు నిలుస్తుందో తెలుసు. 'కూబర్ పీడీ' వాళ్ళ మాటల్లోంచి వచ్చిందే. 'కూపా పీటీ' అంటే తెల్లవాడి బొరియ అని చెబుతారు. ఆ పేరు 1920లో ఖాయమైంది. ఆ నేల మీద అంటాకిరింజా ప్రజల హక్కును న్యాయస్థానం గుర్తించడానికి 2011 దాకా పట్టింది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక తిరిగొచ్చిన సైనికులు కొందరు ఇక్కడికి చేరి, కందకాల్లో బతికిన అలవాటుతో గుట్టల్ని తొలిచి ఇళ్ళు చేసుకున్నారు. వాటినే డగౌట్లు అంటారు. బయట 45 డిగ్రీలు మండుతున్నా లోపల 23, 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఎండను అలా గెలిచారు గానీ దాహం మాట? 1920ల మొదట్లో ప్రభుత్వం 5 లక్షల గ్యాలన్లు, అంటే 22 లక్షల లీటర్లకు పైగా పట్టే ట్యాంకు కట్టించి, మనిషికి వారానికి 24 గ్యాలన్లని రేషన్ పెట్టింది. లెక్క వేస్తే రోజుకు పదిహేను లీటర్లు. మన ఇళ్ళలో ఒక బిందెడు. తాగడం, వండటం, తెల్ల దుమ్ము కొట్టుకుపోయిన ఒళ్ళు కడుక్కోవడం, బట్టలు ఉతుక్కోవడం అన్నీ ఆ బిందెలోనే. ఓపల్ ధర పలికిన రోజుల్లో కూడా ఆ బిందె పెరగలేదు.

1946లో టాటీ బ్రయాంట్ అనే ఆదివాసీ మహిళకు ఎయిట్ మైల్ అనే చోట మంచి ఓపల్ దొరకడంతో జనం మళ్ళీ విరగబడ్డారు. 1960ల్లో గ్రీకులు, క్రొయేషియన్లు, సెర్బులు, ఇటాలియన్లు వచ్చి చేరారు. నీటి అవసరం రెట్టింపు మీద రెట్టింపు అయింది. 1966లో అద్దాల కప్పు కింద ఉప్పునీటిని ఎండకు ఆవిరి చేసి మంచినీరు పట్టే సోలార్ ప్లాంటు పెట్టారు. ఊరి దాహానికి అది చాలలేదు. చివరికి నిలిచింది ఆర్‌ఓ పద్ధతి. 24 కిలోమీటర్ల దూరంలోని బోరు నుంచి, గ్రేట్ ఆర్టీషియన్ బేసిన్ అనే మహా భూగర్భ జలరాశిలోని ఉప్పునీటిని పైపులో తెచ్చి శుద్ధి చేస్తారు. ఊళ్ళో నాణెం వేస్తే నీళ్ళు పోసే యంత్రం ఉంది. మన పల్లెల్లో రూపాయి బిళ్ళ వేసి ప్లాస్టిక్ క్యాన్ నింపుకునే ప్లాంట్లు చూసినవాళ్ళకు అదేమీ వింతగా తోచదు.

ఖరీదు మెలిక ఇక్కడే ఉంది. కూబర్ పీడీ ఉన్న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో నీటి సరఫరా ఎక్కువగా ప్రభుత్వ సంస్థ ఎస్‌ఏ వాటర్ చేతిలో ఉంటుంది. మారుమూల ఊళ్ళకయ్యే ఖర్చును నగరాలతో కలిపి సర్ది, అందరికీ ఒకే ధర పెడుతుంది. కూబర్ పీడీ మాత్రం చాలాకాలం ఆ గొడుగు బయటే ఉండిపోయింది. నీళ్ళూ కరెంటూ రెండూ ఊరి కౌన్సిలే నడుపుకుంది. రాష్ట్ర గ్రిడ్డుతో ఊరికి సంబంధం లేదు. నీళ్ళు తోడాలన్నా, ఉప్పు తీయాలన్నా కరెంటు కావాలి, ఆ కరెంటు ఊళ్ళోనే పుట్టాలి. ముసలి పైపుల్లో కారిపోయే నీటి ఖర్చు కూడా అదే 1,500 మంది నెత్తిన పడింది. అప్పులు పేరుకుపోయి 2019లో రాష్ట్ర ప్రభుత్వం కౌన్సిల్‌ను పక్కనబెట్టి అడ్మినిస్ట్రేటర్‌ను నియమించింది. ఇంత చిన్న ఊరి మీద ఇంత బరువు వదిలేయడం అన్యాయమని నా నమ్మకం.

ఈ కథలో ఇంకో అధ్యాయం ఉంది. 1998లో కేంద్ర ప్రభుత్వం అణు వ్యర్థాల్ని ఈ ఎడారిలోనే పాతిపెట్టాలని చూసింది. 1953లో ఇదే రాష్ట్రంలోని ఈము ఫీల్డ్‌లో బ్రిటన్ చేసిన అణుపరీక్ష నల్లమబ్బును మరచిపోని ఆదివాసీ పెద్దావిడలు ఊళ్ళో 'కూపా పీటీ కుంకా జూటా' పేరుతో ఒక్కటయ్యారు. "ఇరాతీ వాంతీ", అంటే విషం జోలికి పోవద్దు, అన్నదే వాళ్ళ నినాదం. నేల కింది నీరు పాడైతే ఇక్కడ మరో నీరు లేదని ఊరూరా తిరిగి చెప్పారు. వాళ్ళలో ఇద్దరికి 2003లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం దక్కింది. 2004లో ప్రభుత్వం ఆ పథకాన్ని వదులుకుంది.