క్యాలెండర్‌లో పనులు: మా ఆడిట్ ఆఫీసులో వినపడే అపోహలు

ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అపాయింట్‌మెంట్లు, ఫైలింగ్ తేదీలు చూసుకోవడం నా ఉద్యోగం. పొద్దున తొమ్మిదిన్నరకు గూగుల్ క్యాలెండర్ తెరిస్తే సాయంత్రం దాకా మూయను. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలో అనే మాటలివి. కొన్ని ఒకప్పుడు నేనూ అన్నవే.

అపోహ: పనైనా అపాయింట్‌మెంటైనా ఒకటే, ఈవెంట్‌గా పెట్టేస్తే చాలు.

వాస్తవం: ఇది నాకు చేతి చమురు వదిలించిన అపోహ. ఒక క్లయింట్‌ని కొనుగోలు బిల్లులు అడగాలని 18వ తేదీ ఉదయం 11 గంటలకు ఈవెంట్ పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఇంకో క్లయింట్ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఫోన్‌లో రిమైండర్ మోగింది, వేలితో పక్కకు తోసేశాను. మర్నాటికి ఆ గడి నిన్నటి వరుసలోకి వెళ్లిపోయింది. అయిపోయిన మీటింగ్‌ల పక్కన, వాటి రంగులోనే, తనూ అయిపోయినట్టు కూర్చుంది. ఆ బిల్లులు చూసుకుని 20కల్లా వెయ్యాల్సిన జీఎస్‌టీఆర్-3బి, అంటే నెలనెలా వేసే జీఎస్‌టీ రిటర్న్, 23న వేశాం. ఆలస్య రుసుము రోజుకు 50 చొప్పున 150 రూపాయలు నా జేబులోంచే పోయింది. దానికంటే క్లయింట్‌కి ఫోన్ చేసి చెప్పుకోవడమే కష్టమైంది.

టైం దాటితే అపాయింట్‌మెంట్ పోతుంది. పని పోదు, ముదురుతుంది. క్యాలెండర్ సాఫ్ట్‌వేర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఐక్యాలెండర్ ప్రమాణంలో 1998 నుంచే ఈ రెండూ వేర్వేరు: అపాయింట్‌మెంట్ లాంటిది వీఈవెంట్, చేయాల్సిన పని వీటుడు. 'పూర్తయింది' అనే స్థితి వీటుడుకే ఉంటుంది, ఈవెంట్‌కి ఉండదు. గూగుల్‌లోనూ పనిని ఈవెంట్‌గా కాక టాస్క్‌గా పెట్టి టిక్ కొట్టకపోతే, పెండింగ్ అంటూ ఇవాళ్టి తేదీ కింద కనపడుతూనే ఉంటుంది. నాకు కావాల్సింది ఆ నస.

అపోహ: క్యాలెండర్ షేర్ చేశాను కాబట్టి నా టాస్కులు సార్‌కి కనపడతాయి.

వాస్తవం: మామూలుగా కనపడవు. ఈవెంట్లే కనపడతాయి. అందుకే అందరికీ తెలియాల్సిన గడువును షేర్ చేసిన క్యాలెండర్‌లో రోజంతా ఉండే ఈవెంట్‌గా పెడతాను, దాని వెనక చాకిరీని నా టాస్కుల్లో రాసుకుంటాను. క్యాలెండర్‌ని ఫైల్‌గా ఎగుమతి చేసినా ఇదే కథ, టాస్కులు అందులోకి రావు.

అపోహ: ప్రతి పనికీ ఒక టైం వేస్తేనే క్రమశిక్షణ.

వాస్తవం: ఐదు నిమిషాల ఫోన్‌కి అరగంట గడి ఎందుకండీ? అలా నింపితే రోజు చూడగానే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఫోన్లు, మెయిళ్లు తేదీ మాత్రమే ఉన్న టాస్కులు, సందు దొరికినప్పుడు చేసేస్తాను. కదలకుండా కూర్చుని చేయాల్సిన పనికే టైం వేస్తాను. మా సార్ రాహుకాలంలో కొత్తవాళ్లను కలవరు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా క్యాలెండర్ ఎలాగూ ఖాళీ. ఆ గంటన్నరకు ప్రతి వారం వచ్చేలా 'సంతకాలు' అని ఈవెంట్ పెట్టేశాను. నమ్మకం ఆయనది, లాభం నాది.

అపోహ: చివరి తేదీనే టాస్క్ తేదీ.

వాస్తవం: టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను) కట్టడానికి నెలలో 7, జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్)కి 11, 3బికి 20. ఈ తేదీలు ఈవెంట్లుగానే ఉండాలి. టాస్కులు వాటికి ముందు రావాలి, అదీ ముక్కలుగా. 3బికి నావి మూడు: 12న బిల్లులు అడగడం, 15న సరిచూడడం, 17న వేసెయ్యడం. 20కి పెట్టుకుంటే ఏమవుతుందో చెప్తాను. అంతా సిద్ధం చేసి, రిటర్న్ వెయ్యడానికి కావాల్సిన ఓటీపీ కోసం క్లయింట్‌కి ఫోన్ చేస్తారు. ఆయన మేనకోడలి పెళ్లిలో, బ్యాండు మోతలో ఉంటారు. ఫోనేమో కారులో ఉంటుంది.