లండన్ పాత ఎర్ర బస్సు: గొడవ ఎక్కడ మొదలైంది

మన దగ్గర "ఎర్రబస్సెక్కి వచ్చావా" అంటే ఎగతాళి. పల్లె నుంచి వచ్చినవాడికి ఏమీ తెలియదని ఆ ఒక్క మాటతో తేల్చేస్తారు. లండన్ ఎర్ర బస్సు అంటే మాత్రం అదే మనకు మోజు. చదువుకోడానికి వెళ్లిన పిల్లలు ఇంటికి పంపే మొదటి ఫొటోల్లో అది ఉండి తీరుతుంది. ఎగతాళి అయినా మోజు అయినా, బస్సును చూసి ఊరినీ మనుషుల్నీ లెక్కగట్టడమే. రెండిట్లోనూ ఆ బస్సులో రోజూ తిరిగేవాళ్ల గోడు మనకు పట్టదు.

లండన్ పాత బస్సు గొడవను ఈ వైపు నుంచి చూస్తే తప్ప అర్థం కాదు. వెనకవైపు తలుపు లేకుండా, పట్టుకోడానికి ఒక కడ్డీ, నిలబడ్డానికి చిన్న గట్టు ఉన్న డబుల్ డెక్కర్ పేరు రౌట్‌మాస్టర్. అది రోజువారీ సర్వీసు నుంచి తప్పుకుని 2025 డిసెంబర్ 9కి ఇరవై ఏళ్లు నిండాయి. దాన్ని కనీసం ఒక్క రూటులోనైనా మళ్లీ నడపాలన్న మాట అప్పటి నుంచీ చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటూనే ఉంది. అది దేశానికే గుర్తు, దాన్ని చూడ్డానికే టూరిస్టులు వస్తారు అన్నది ఒక పక్షం. మేం దాన్ని ఎక్కలేం అన్నది రెండో పక్షం.

బస్సు పుట్టుక గురించి చాలామంది చాలా రాశారు కాబట్టి ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. 1954 నుంచి 1968 వరకు 2,876 బస్సులు తయారయ్యాయి. యుద్ధ విమానాలు కట్టిన అనుభవంతో అల్యూమినియం బాడీ పెట్టారు, అందుకే తేలిక. ఆ రోజుల్లోనే పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్లు ఉన్నాయి. పదిహేడేళ్లు నడిస్తే చాలనుకున్న బండి దాదాపు యాభై ఏళ్లు నడిచింది. ఇంజినీర్ల పనితనంలో వంక పెట్టడానికేమీ లేదు.

వంకల్లా వెనక ఉన్న ఆ మెట్టుతోనే. రోడ్డు మీంచి గట్టు మీదికి ఒక అడుగు, గట్టు మీంచి లోపలికి ఇంకో అడుగు. పక్కనే పైకి వెళ్లే ఇరుకు మెట్లు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగితే గభాలున ఎక్కొచ్చు, దూకి దిగొచ్చు. ఆ బస్సును ప్రేమించేవాళ్లు మొదట చెప్పేది ఆ స్వేచ్ఛ గురించే. కాళ్లు బాగున్నవాళ్లకు అది నిజంగానే స్వేచ్ఛ. వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి ఆ రెండడుగులు గోడతో సమానం.

పాత బస్సు ఎందుకు పోయిందంటే సాధారణంగా కండక్టర్ల జీతాల లెక్క, కండక్టర్ అక్కర్లేకుండా టికెట్టు డబ్బులు కట్టేందుకు 2003లో వచ్చిన ఆయిస్టర్ కార్డు, మేయర్ కెన్ లివింగ్‌స్టన్ మాట మార్చడం చెబుతారు. అవన్నీ ఉన్నాయి. కానీ నా దృష్టిలో అసలు మలుపు అంతకు పదేళ్ల ముందు, లండన్ రోడ్ల మీద వచ్చింది.

1990ల మొదట్లో వీల్‌చైర్లలో ఉన్నవాళ్లు లండన్ వీధుల్లో బస్సులకు అడ్డంగా నిలబడడం మొదలుపెట్టారు. 1993లో బార్బరా లిసికి, అలన్ హోల్డ్స్‌వర్త్ కలిసి డైరెక్ట్ యాక్షన్ నెట్‌వర్క్ అనే బృందాన్ని పెట్టారు. వాళ్ల పద్ధతి సూటిగా ఉండేది. వీల్‌చైర్‌తో బస్సు ముందుకు రావడం, తమ చేతిని బస్సుకు బేడీ వేసి బిగించుకోవడం. తాము ఎక్కలేని బస్సు కాసేపు ఎవరికీ కదలదు. పోలీసులు వస్తే వాళ్లకు ఇంకో చిక్కు. అరెస్టు చేసినవాళ్లను ఎక్కించుకోడానికి పోలీసు వ్యానుకు కూడా ర్యాంప్ లేదు. వాళ్లు ఏం అడుగుతున్నారో చెప్పడానికి అంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేకపోయింది.

ఇక్కడ గమనించాల్సింది, వాళ్లు దయ అడగలేదు. వికలాంగుల కోసం ప్రత్యేకంగా ఒక వ్యాను, ముందురోజు ఫోన్ చేసి బుక్ చేసుకునే సదుపాయం, అలాంటివి అప్పటికే ఉన్నాయి. అందరూ ఎక్కే బస్సు, అందరూ వెళ్లే వేళకు, అందరూ ఇచ్చే టికెట్టు డబ్బులతో తామూ ఎక్కాలన్నదే వాళ్ల కోరిక. ఆ ఒత్తిడి మధ్యే 1995లో వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. దాని కింద 2000లో బస్సుల నిబంధనలు వచ్చాయి. కొత్తగా వచ్చే ప్రతి సర్వీసు బస్సుకూ వీల్‌చైర్ ఎక్కే వీలుండాలి. పాత డబుల్ డెక్కర్లకు మాత్రం 2016 చివరిదాకా గడువు ఇచ్చారు.

పాత బస్సు అభిమానులకు ఉన్న గట్టి వాదన ఈ గడువే. ఇంకా పదకొండేళ్లు నడిపే వీలుండగా 2005లోనే ఎందుకు తీసేశారని వాళ్లు అడుగుతారు. లివింగ్‌స్టన్ మేయరయిన కొత్తలో రౌట్‌మాస్టర్‌ను వెనకేసుకొచ్చినవాడే. అమ్ముడుపోయిన పాత బస్సుల్ని తిరిగి కొనిపించి బాగు చేయించాడు కూడా. ఆ మనిషే తర్వాత ఒక్కో రూటు నుంచీ తీయించేశాడు. మాట తప్పాడన్న కోపం న్యాయమైనదే.

కానీ గడువు ఉందంటే అప్పటిదాకా ఆగమని ఎవరికి చెబుతున్నాం? 2005 డిసెంబర్ 9 మధ్యాహ్నం 159 నంబరు రూటులో చివరి రౌట్‌మాస్టర్, ఆర్‌ఎం 2217, బ్రిక్స్‌టన్ డిపోకు చేరుకుంది. దారి పొడవునా జనం. కెమెరాలు, కన్నీళ్లు, చప్పట్లు. అన్ని పత్రికలూ దాన్నే రాశాయి. అదే నెలలో జరిగిన ఇంకో సంగతికి అంత చోటు దొరకలేదు. పాత బస్సుల్ని గుర్తుగా నడపడానికి మిగిల్చిన రెండు హెరిటేజ్ రూట్లను మినహాయిస్తే లండన్ సిటీ బస్సులన్నీ అప్పటికి లో ఫ్లోర్, అంటే ఎక్కడానికి మెట్లు లేనివి అయ్యాయి. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి ఏ నంబరు బస్సు కోసమైనా స్టాప్‌లో నిలబడి చెయ్యెత్తే వీలు మొదటిసారి వచ్చింది. ఒక ఊరి చరిత్రలో అది చిన్న రోజు కాదు.

ఇందులో నా సొంత బాధ కొంత ఉంది, దాచను. మా మేనత్తకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. హైదరాబాద్ డబుల్ డెక్కర్ల గురించి ఇంట్లో ఎవరు మొదలుపెట్టినా అందరికీ ఏదో ఒక జ్ఞాపకం ఉంటుంది. ట్యాంక్‌బండ్ మీద పై అంతస్తులో ముందు సీటు, మొహానికి కొట్టే గాలి. అత్తయ్య మాత్రం వింటూ కూర్చుంటుంది. ఆమె ఒక్కసారీ ఎక్కలేదు. అందరి జ్ఞాపకం అని మనం అనుకునేదాంట్లో ఆమెకు పాలు లేదు. 2003లో ఆ బస్సులు పోయాయి. 2023 ఫిబ్రవరిలో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు వచ్చినప్పుడు వాటిని తిప్పింది ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్ చుట్టూనే. ఊరివాళ్లు ఆఫీసుకు వెళ్లే దారి కాదది, చూడ్డానికి వచ్చినవాళ్లు తిరిగే దారి.

లండన్‌లోనూ అదే జరిగింది. 2005లో మిగిల్చిన హెరిటేజ్ రూట్లు 9, 15. రెండూ ఫొటోల్లో కనిపించే లండన్ మీదుగానే వెళ్లేవి. ఒకటి ఆల్బర్ట్ హాల్ మీదుగా, ఇంకొకటి టవర్ ఆఫ్ లండన్ దాకా. తొమ్మిదో నంబరు 2014లో ఆగింది. పదిహేను 2019 నుంచి వేసవి వారాంతాలకు, సెలవు రోజులకు కుదించుకుపోయింది. 2020లో కోవిడ్‌తో నిలిచి, ఇక తిరిగి రాదని 2021లో తేలింది. ఇప్పుడు తిరిగి కావాలంటున్నది ఇలాంటి రూటునే.

దేశానికి గుర్తు అన్న మాట సంగతి కూడా చూడాలి. బ్రిటన్ అంతటా ఎర్ర బస్సులే తిరిగేవని బయటివాళ్లం అనుకుంటాం. బర్మింగ్‌హామ్ బస్సులది ఒకప్పుడు నీలం, మీగడ రంగు. మాంచెస్టర్‌ది ఒకప్పుడు నారింజ. రౌట్‌మాస్టర్ దాదాపుగా లండన్ బండి. 1980లలో పాతబడ్డవి కొన్ని గ్లాస్గో లాంటి ఊళ్లకు, ఇంకొన్ని శ్రీలంకకు చేరాయి, అంతే. ఒక్క ఊరి బస్సు దేశం మొత్తానికి బొమ్మ అయి కూర్చుంది. రైలు టాప్ మీద జనం కూర్చున్న ఫొటో చూపించి ఇండియా అంటే ఇదే అని ఎవరైనా అంటే మనకు ఒళ్లు మండుతుంది. అది ఎందుకు మండుతుందో ఒక్కసారి తలుచుకుంటే బర్మింగ్‌హామ్ మనిషి ఇబ్బంది అర్థమవుతుంది.

ఆ బొమ్మలోంచి ఇంకొకరు కూడా జారిపోయారు. రౌట్‌మాస్టర్ వెనక గట్టు మీద టికెట్ మిషన్ తగిలించుకుని నిలబడ్డ కండక్టర్. 1956 ఫిబ్రవరిలో మొదటి రౌట్‌మాస్టర్ జనాన్ని ఎక్కించుకుంది. సరిగ్గా అదే ఏడాది లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ మనుషులు చాలక బార్బడోస్ దీవికి వెళ్లి మరీ ఉద్యోగులను తెచ్చుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ట్రినిడాడ్, జమైకా నుంచీ వచ్చారు. అచ్చమైన ఇంగ్లిష్ బస్సు అని ప్రపంచం మురిసిపోయినదాన్ని నడిపినవాళ్లలో ఎందరో కరీబియన్ దీవుల నుంచి, మన ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లు.

వాళ్లకు ఆ ఉద్యోగం కూడా అన్నిచోట్లా తేలిగ్గా దొరకలేదు. బ్రిస్టల్‌లో బస్సు కంపెనీ నల్లవాళ్లను, ఆసియా వాళ్లను బస్సు మీద పనికి తీసుకోనంది. 1963లో పాల్ స్టీఫెన్సన్ తదితరులు బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చారు. నాలుగు నెలలకు, ఆగస్టు 28న, కంపెనీ దిగొచ్చింది. సెప్టెంబర్‌లో ఆ ఊళ్లో తెల్లవాడు కాని మొదటి కండక్టర్‌గా చేరింది రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. అది బస్సు మీద నిలబడి పనిచేసే హక్కు కోసం. ముప్పై ఏళ్ల తర్వాత లండన్‌లో బేడీలు వేసుకున్నది బస్సులో కూర్చుని ప్రయాణించే హక్కు కోసం. ఈ రెంటినీ వేరువేరు కథలుగా నేను చూడలేను.

2008 ఆగస్టు 24న బీజింగ్ ఒలింపిక్స్ ముగింపులో తర్వాతి ఆతిథ్యం లండన్‌దని చెప్పడానికి స్టేడియంలోకి తెచ్చింది ఎర్ర డబుల్ డెక్కర్‌నే. దాని పైనుంచి డేవిడ్ బెక్‌హామ్ బంతి తన్నాడు. అదే ఏడాది బోరిస్ జాన్సన్ కొత్త రౌట్‌మాస్టర్ తెస్తానని, మధ్యలో వంగే పొడుగాటి బెండీ బస్సుల్ని తీసేస్తానని మాటిచ్చి మేయర్‌గా గెలిచాడు. బెండీ బస్సులంటే లండన్ జనానికి కోపం ఉన్నమాట నిజం. కొత్తల్లో కొన్ని తగలబడ్డాయి కూడా. కానీ మూడు వెడల్పాటి తలుపులు, నేల మట్టంగా ఉండే ఆ బస్సుల్లోకి వీల్‌చైర్ తేలిగ్గా ఎక్కేది. వాటిని లండన్ వదిలించుకుంటే కొన్ని మాల్టా దేశానికి వెళ్లాయి. 2011 జూలైలో అక్కడ పోస్టుకార్డుల మీద కనిపించే పాత పసుపు బస్సుల్ని తప్పించి, వచ్చిన కొత్త బండ్లలో వీటినీ దింపారు. 2013లో అక్కడా తగలబడ్డాయి, రోడ్డు మీంచి తీసేశారు. పాత బస్సు పోయినందుకు బాధపడే జనం మాల్టాలోనూ ఉన్నారు.

జాన్సన్ కొత్త రౌట్‌మాస్టర్ 2012 ఫిబ్రవరిలో రోడ్డెక్కింది. మొత్తం వెయ్యి కొన్నారు. వెనక తెరిచి ఉండే గట్టు, దాని దగ్గర నిలబడ్డానికి ఒక మనిషి. ఆ మనిషి జీతం భరించలేక 2016లో తీసేశారు. మనిషి లేకపోతే గట్టు తెరిచి ఉంచే వీల్లేదు కాబట్టి బస్సు కదిలేటప్పుడు వెనక తలుపు మూసే ఉంచడం మొదలుపెట్టారు. బొమ్మ కోసం డిజైన్ చేసిన భాగమే అలా పనికిరాకుండా పోయింది. వీల్‌చైర్ ఎక్కే మధ్య తలుపు మాత్రం రోజూ పనిచేస్తోంది.

ఇప్పుడు పాత బస్సు అడిగేవాళ్లు ఒక సర్దుబాటు చెబుతున్నారు. మామూలు బస్సులు ఎలాగూ అదే రూటులో నడుస్తాయి, ఎక్కలేనివాళ్లు వెనకొచ్చే బస్సు ఎక్కొచ్చు అని. 9, 15 రూట్లు నడిచినన్నాళ్లూ ఇదే సమాధానం చెప్పారు.

2012 ఫిబ్రవరిలో డగ్ పాలీ అనే వీల్‌చైర్ ప్రయాణికుడు వెదర్‌బీ నుంచి లీడ్స్ వెళ్లే బస్సు ఎక్కబోయాడు. వీల్‌చైర్ ఉండాల్సిన చోట ఒకామె పిల్లాడి తోపుడుబండి పెట్టుకుంది. జరగమని డ్రైవర్ అడిగాడు, ఆమె జరగనంది. పాలీ దిగిపోయి వెనకొచ్చే బస్సు ఎక్కాడు. లీడ్స్ చేరేసరికి రైలు వెళ్లిపోయింది. అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాల్సిన రైలది. ఆయన కోర్టుకెక్కాడు. 2017 జనవరి 18న బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు, డ్రైవర్ అంతకంటే గట్టిగా ప్రయత్నించాలి అని.